మంచు ఎక్కే బూట్లు: కాలివేళ్ళు నొప్పిపెట్టకుండా ఎంచుకోవడం ఎలా?

ఎన్.సి.సి.లో ఉన్న విద్యార్థులకు, కళాశాలల సాహస క్రీడా బృందాల్లో ఉన్నవారికి ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలోనో, డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లోనో బేసిక్ కోర్సు చేసే అవకాశం వస్తుంటుంది. ఎంపికయ్యామన్న కబురు రాగానే ఇంట్లో ముందు ఖర్చు గురించి మాట్లాడుకుంటారు, తర్వాత చలి గురించి. స్వెట్టర్లు, మంకీ క్యాపులు కొంటారు. బూటు సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. తీరా హిమానీనదం మీదకు వెళ్ళాక పిల్లలు ఎక్కువగా బాధపడేది కాలివేళ్ళతోనే. చెన్నైలో పుట్టి పెరిగి, ఏడాది పొడుగునా చెప్పులతో తిరిగే మన పిల్లలకు ఈ విషయం ముందే తెలియడం అవసరం.

మంచు మీద కాలివేళ్ళకు అంత కష్టం ఎందుకు? మామూలు నడకలో బరువు పాదమంతటి మీద పడుతుంది. నిటారుగా ఉన్న గట్టి మంచును ఎక్కేటప్పుడు అలా కుదరదు. బూటు అడుగున క్రాంపాన్ అనే ఇనుప పళ్ళ చట్రం కట్టుకుంటారు. దాని ముందువైపు పొడుచుకు వచ్చిన రెండు పళ్ళను మంచులోకి తన్ని దించి, వాటి మీదే నిలబడాలి. గంటలో ఎన్నో సార్లు అలా తన్నవలసి ఉంటుంది. పాదం బూటులో ఏమాత్రం ముందుకు జారినా, తన్నిన ప్రతిసారీ బొటనవేలి గోరు బూటు ముందు గోడకు గుద్దుకుంటుంది. రెండు రోజులకు గోరు కింద రక్తం గూడుకట్టి నల్లబడుతుంది. తర్వాత ఊడిపోతుంది.

తల్లిదండ్రులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. చిన్న బూటు వేళ్ళను నొక్కుతుందని అందరికీ తెలుసు. పెద్ద బూటు కూడా వేళ్ళనే దెబ్బతీస్తుందని చాలామందికి తెలియదు. "ఎదిగే పిల్లాడు కదా, ఒక నంబరు ఎక్కువ తీసుకుందాం" అని స్కూలు బూట్లకు చేసినట్టు ఇక్కడ చేస్తే, మడమకు పట్టు ఉండదు. మడమ జారితే పాదం ముందుకు పోతుంది, వేళ్ళు గుద్దుకుంటాయి. కాబట్టి ఈ బూటు కొలతలో అసలు చూడవలసింది మడమ. మడమ కదలకుండా కూర్చుంటే వేళ్ళకు ముందు ఖాళీ దానంతట అదే మిగులుతుంది.

ముందుగా ఇంట్లో పాదం కొలుచుకోండి. సాయంత్రం పూట కొలవాలి, ఎందుకంటే పగలంతా నడిచాక పాదం కొంచెం ఉబ్బుతుంది. గోడకు మడమ ఆనించి, కాగితం మీద నిలబడి, పొడవైన వేలి చివర గీత పెట్టండి. కొందరికి బొటనవేలు, కొందరికి దాని పక్క వేలు పొడవు. రెండు పాదాలూ కొలవండి, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి. ఉదాహరణకు పాదం 25 సెంటీమీటర్లు ఉందనుకుందాం. వేళ్ళకు ముందు ఒకటిన్నర సెంటీమీటరు ఖాళీ కలిపితే 26.5. యూరపు నంబర్లలో ఒక్కొక్క నంబరుకు సెంటీమీటరులో మూడింట రెండు వంతులు పెరుగుతుంది. కాబట్టి 26.5ను 3తో గుణించి 2తో భాగిస్తే 39.75 వస్తుంది. 40 నంబరు దగ్గర మొదలుపెట్టి చూడవచ్చు. మొదలుపెట్టడానికి మాత్రమే సుమా! ఒక కంపెనీ 40, ఇంకో కంపెనీ 40 ఒకటిగా ఉండవు. బ్రిటిష్ నంబర్లలో ఒక్కో అడుగు అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు.

పొడవు సరిపోయినా వెడల్పు సరిపోకపోవడం మన దేశంలో పెద్ద సమస్య. దీని మీద పని జరిగింది మన చెన్నైలోనే. అడయారులో 1948లో ఏర్పడిన కేంద్ర చర్మ పరిశోధన సంస్థను ఎక్కువగా తీర్చిదిద్దినవారు తెనాలి ప్రాంతానికి చెందిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మ గారు. ఆయన 1985లో కనిష్క విమాన ప్రమాదంలో మరణించారు. ఆ సంస్థవారు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల, లక్ష మందికి పైగా పాదాలను త్రీ-డి స్కానర్లతో కొలిచారు. యూరపు, అమెరికా వారికంటే మనవారి పాదం వెడల్పు ఎక్కువని అందులో తేలింది. అందుకే భారతీయులకు 'భ' అనే వేరే కొలతల పద్ధతిని ప్రతిపాదించారు. సగటున ఆడపిల్లల పాదం పదకొండేళ్ళకు, మగపిల్లల పాదం పదిహేను, పదహారేళ్ళకు పూర్తి పొడవుకు చేరుతుందని కూడా వారు గుర్తించారు. అంటే బేసిక్ కోర్సుకు వెళ్ళే కళాశాల విద్యార్థికి "ఇంకా ఎదుగుతుంది" అన్న లెక్క అక్కరలేదు.

మంచు బూట్లలో చాలావరకు యూరపు పాదాల అచ్చు మీద తయారయినవే. మనవాళ్ళు తొడిగితే చిటికెనవేలి దగ్గర, పాదం వెడల్పయిన చోట నొక్కుతుంది. అలాంటప్పుడు నంబరు పెంచితే పొడవు ఎక్కువై మళ్ళీ మడమ జారుతుంది. ముందు వెడల్పయిన మోడలు ఉందా అని అడగాలి. అది దొరక్కపోతేనే నంబరు పెంచే ఆలోచన.

తొడిగి చూసే పద్ధతి ఇది. రెండు పొరల బూటయితే లోపలి మెత్తని బూటు తీసేసి, పైగుల్లలో కాలు పెట్టి, వేళ్ళు ముందు గోడకు తగిలేదాకా జరపండి. మడమ వెనక ఒకటి నుంచి రెండు వేళ్ళ సందు ఉండాలి. తర్వాత లోపలి బూటు పెట్టి, కొండ మీద వేసుకునే మేజోళ్ళతోనే తొడిగి లేసులు కట్టండి. మెట్టు అంచు మీద కాలి ముందుభాగం మాత్రమే ఆనించి నిలబడండి. మడమ లోపల లేవకూడదు, లేచినా కొద్దిగానే. గోడను మెల్లగా పదిసార్లు తన్నండి, వేళ్ళు తగలకూడదు. మెట్లు దిగి చూడండి, అప్పుడూ తగలకూడదు. లోపల వేళ్ళన్నీ ఆడించగలగాలి. దుకాణంలో పావుగంట అటూ ఇటూ తిరగడానికి మొహమాటపడకండి.

లేసు కట్టడంలోనూ ఒక కిటుకు ఉంది. వేళ్ళ వైపు వదులుగా, చీలమండ వంపు దగ్గర గట్టిగా. ఆ వంపు దగ్గర లేసును రెండుసార్లు మెలిపెట్టి బిగిస్తే కింది వదులు కిందే, పై బిగువు పైనే ఉంటుంది. మడమ వెనక్కి కూర్చుంటుంది.

మేజోళ్ళు ఎన్ని? ఒక పలచటిది, దాని మీద ఒక మందపాటి ఉన్నిది చాలు. చలిగా ఉందని మూడో జత వేసుకుంటే బూటు బిగిసి, రక్తం వేళ్ళకు చేరదు. రక్తం చేరని వేలు ఎన్ని మేజోళ్ళున్నా వెచ్చబడదు. 1950 జూన్ 3న అన్నపూర్ణ శిఖరం ఎక్కిన ఫ్రెంచివారు మోరిస్ ఎర్జోగ్, లూయీ లాషెనాల్ ఇద్దరూ మంచు కాటుకు కాలివేళ్ళన్నీ పోగొట్టుకున్నారు. ఆనాటి తోలు బూట్లకూ ఈనాటి బూట్లకూ చాలా తేడా ఉంది. కాని బిగుతు బూటు చేసే హాని ఇప్పటికీ అదే. వేలు నొప్పిపెట్టి, ఉన్నట్టుండి నొప్పి పోయి మొద్దుబారితే నయమైందనుకోకండి. రంగు తెల్లబడిందా అని చూసి, వెంటనే శిక్షకునికి చెప్పాలి. రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు.

ఇక కొనాలా వద్దా? మొదటి కోర్సుకు కొనవద్దనే నా అభిప్రాయం. ఈ సంస్థలు క్రాంపాన్లతో పాటు బూట్లు కూడా తమ స్టోరు నుంచి ఇస్తాయి. ఆ డబ్బు పిల్లల చదువుకు ఉంచండి, మంచి ఉన్ని మేజోళ్ళు మాత్రం రెండు మూడు జతలు కొనిపెట్టండి. స్టోరు దగ్గర వరుసలో నిలబడినప్పుడు మన పిల్లలు ఇచ్చినది పుచ్చుకుని వచ్చేస్తారు. "సార్, ఇది మడమ దగ్గర జారుతోంది, వేరేది చూస్తారా?" అని అడగడానికి సిగ్గుపడతారు. అడగండి. పైన చెప్పిన పరీక్షలన్నీ అక్కడే చేసి, అవసరమైతే మార్చుకోండి. హిమానీనదం మీదకు చేరాక మార్చడానికి స్టోరు ఉండదు.

ఇలా స్టోరు బూట్లతో నేర్చుకున్నవారిలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మలావత్ పూర్ణ భువనగిరి కొండ మీద, తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ పొంది, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు.

బయలుదేరే నాలుగు రోజుల ముందు కాలిగోళ్ళు అడ్డంగా, సమానంగా కత్తిరించుకోండి. మూలలు లోపలికి గుండ్రంగా తీయకూడదు. రాత్రి గుడారంలో బూట్లు బయట వదలకండి. 1953లో ఎవరెస్టు ఎక్కే రోజు ఉదయం హిల్లరీ బూట్లు రాయిలా గడ్డకట్టి ఉంటే, వాటిని పొయ్యి మీద మెత్తబరచడానికి దాదాపు రెండు గంటలు పట్టింది. లోపలి బూటును స్లీపింగ్ బ్యాగులో కాళ్ళ దగ్గర పెట్టుకుని పడుకోవాలి. చెమటకు తడిసిన మేజోళ్ళు విప్పి, పొడివి వేసుకోవాలి.