మడిచెక్కే సమతలం: సదిశలతో లెక్క ఎలా చేయాలి?

ఇంటర్ మొదటి సంవత్సరంలో సదిశలు 1ఎ పేపర్లోనూ, సమతలం 1బి పేపర్లోనూ ఏళ్ల తరబడి విడివిడిగా నడిచాయి. అందుకే చాలామంది పిల్లలు సమతలం సూత్రాలను బట్టీపట్టి పరీక్ష గట్టెక్కారు. ఆ సూత్రాలన్నీ ఒకే ఒక్క సదిశ నుంచి వస్తాయి. దాని పేరు అభిలంబం, అంటే సమతలానికి లంబంగా నిలిచే సదిశ. లెక్కలో సమతలం అన్న మాట కనబడగానే ముందు దాన్ని పట్టుకోవాలి.

పెనుగొండ చుట్టుపక్కల పొలాన్నే లెక్కగా తీసుకుందాం. సిద్ధాంతం ఊరి దగ్గర వశిష్ఠ గోదావరి పారుతున్నా, పక్కనే మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ విత్తనం చేతిలో ఉన్నా, మడిలో మెరకపల్లాలుంటే ఒక మూల నీరు నిలిచిపోతుంది, ఇంకో మూల నేల ఆరిపోతుంది. ఇంకా చదును చేయని మడి ఒకటి ఉందనుకోండి. తూర్పు పడమరలు 40 మీటర్లు, ఉత్తర దక్షిణాలు 30 మీటర్లు, సుమారు 30 సెంట్లు. మేస్త్రీలు వాడే నీటి ట్యూబుతో మూలల ఎత్తులు కొలిచాం. నైరుతి మూలను సున్నా అనుకుంటే ఆగ్నేయం 8 సెంటీమీటర్లు మెరక, వాయవ్యం 6 సెంటీమీటర్లు పల్లం, ఈశాన్యం 6 సెంటీమీటర్లు మెరక.

మొదట బిందువులు రాసుకోండి. తూర్పు, ఉత్తరం, ఎత్తు అనే వరుస తప్పకూడదు. అన్నీ మీటర్లలోనే ఉండాలి. సెంటీమీటర్లు కలిస్తే లెక్క మొత్తం పాడవుతుంది. నైరుతి (0, 0, 0), ఆగ్నేయం (40, 0, 0.08), వాయవ్యం (0, 30, −0.06), ఈశాన్యం (40, 30, 0.06).

తర్వాత ఒక మూల నుంచి రెండు సదిశలు తీయాలి. చివరి బిందువులోంచి మొదటి బిందువును తీసేస్తే సదిశ వస్తుంది. మనం సున్నా దగ్గరే మొదలుపెట్టాం కాబట్టి అవి (40, 0, 0.08), (0, 30, −0.06).

ఇప్పుడు వాటి క్రాస్ ప్రొడక్ట్. తొందరపడకుండా చేయాల్సింది ఇక్కడే. తూర్పు భాగం కావాలంటే తూర్పు అంకెలను మూసేసి మిగతావి అడ్డంగా గుణించాలి: 0 × (−0.06) − 0.08 × 30 = −2.4. ఉత్తర భాగం: 0.08 × 0 − 40 × (−0.06) = 2.4. ఎత్తు భాగం: 40 × 30 − 0 × 0 = 1200. ఎక్కువ మంది తప్పేది నడిమి భాగం గుర్తు దగ్గర. అక్కడ ఎత్తు ముందు, తూర్పు తర్వాత వస్తాయి. మూడింటినీ 2.4తో భాగిస్తే అభిలంబం (−1, 1, 500). పొడవు మారినా దిశ మారదు కాబట్టి ఇలా భాగించడంలో తప్పులేదు.

సమతల సమీకరణం దానంతటదే వచ్చేస్తుంది: −తూర్పు + ఉత్తరం + 500 × ఎత్తు = 0. మూడు మూలల అంకెలూ ఇందులో పెట్టి చూడండి. ఆగ్నేయానికి −40 + 0 + 40, సున్నా. వాయవ్యానికి 0 + 30 − 30, సున్నా. ఇలా సరిచూసుకోకుండా ముందుకు వెళ్లొద్దు.

నీరు ఎటు పారుతుంది? పైకి చూసే అభిలంబంలో మొదటి రెండు అంకెలు పల్లం వైపే చూపిస్తాయి. −1 అంటే పడమర, 1 అంటే ఉత్తరం. నీరు వాయవ్యానికి పోతుంది. నాకు ఈ లెక్క మొత్తంలో బాగా నచ్చేది ఇదే.

ఇక ఈశాన్య మూల ఈ తలంలోనే ఉందా? సమీకరణంలో పెడితే −40 + 30 + 30 = 20. సున్నా రాలేదు, కాబట్టి నాలుగు మూలలూ ఒకే తలంలో లేవు. దూరం కావాలంటే ఈ 20ని అభిలంబం పొడవుతో భాగించాలి. ఆ పొడవు 1 + 1 + 250000 వర్గమూలం, సుమారు 500. అంటే 0.04 మీటర్లు. ఆ మూల తలం కంటే 4 సెంటీమీటర్లు మెరక. పొలం చదును చేసే లేజర్ లెవెలర్ పనీ దాదాపు ఇదే. తిరిగే కాంతి పొలం మీద ఒక సమతలం గీస్తుంది. బ్లేడు మీదున్న రిసీవరు ఆ తలంతో ఎంత తేడా ఉందో పట్టుకుంటుంది, దాన్నిబట్టి బ్లేడు లేస్తుంది, దిగుతుంది.

రెండు తలాల మధ్య కోణమంటే వాటి అభిలంబాల మధ్య కోణమే. సాధారణంగా డాట్ ప్రొడక్ట్‌తో కొసైన్ కట్టేస్తారు. మన మడికి మాత్రం అది మంచి దారి కాదు. చదునైన తలం అభిలంబం (0, 0, 1)తో చేస్తే కొసైన్ 1కి మరీ దగ్గరగా వచ్చి, సవరించి రాసేసరికి కోణం మాయమవుతుంది. చిన్న కోణాలకు క్రాస్ ప్రొడక్ట్ పొడవుతో సైన్ కట్టండి: ఆ పొడవు 1.414ను అభిలంబం పొడవు 500తో భాగిస్తే 0.0028, అంటే దాదాపు 0.16 డిగ్రీలు. రేఖకూ తలానికీ మధ్య కోణమైతే డాట్ ప్రొడక్టే సైన్ ఇస్తుందని గుర్తుంచుకుంటే చాలు.

మీకు తెలిసిన మడి ఒకటి ఎంచుకుని మూడు మూలలు మాత్రమే కొలవండి. నాలుగోదాని ఎత్తు ముందు సమీకరణంతో కట్టి, ఆ తర్వాతే ట్యూబు పట్టుకెళ్లి కొలిచి చూడండి.