చెరువు గట్టుపై సెన్సర్ల వ్యాపారం: నిలబడుతుందా?

మన సొసైటీ ఫీజు కట్టి చదివించిన ఇద్దరు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా కుర్రాళ్లు ఈ ఏడాది అప్పు కోసం అర్జీ పెట్టుకున్నారు. భీమవరం, ఆకివీడు పక్క రొయ్యల చెరువుల్లో వైర్‌లెస్ సెన్సర్లు పెట్టి, నీటిలో ఆక్సిజన్ తగ్గగానే రైతు ఫోను మోగేలా చేస్తారట. అడిగింది 3 లక్షలు. అందులో ఎక్కువ భాగం పరికరాలకే రాశారు. పాలిటెక్నిక్‌లో చాలాకాలం ఈ పాఠాలే చెప్పినవాణ్ని కాబట్టి, చూసి చెప్పమని కమిటీ నాకు అప్పగించింది. ఇచ్చే డబ్బు మీది. అందుకే నాకు తెలిసింది మీ ముందే పెడుతున్నాను.

ముందు ఈ సెన్సర్ల వల అంటే ఏమిటో చూద్దాం. ఒక కొలిచే ముక్క, ఒక చిన్న రేడియో, ఒక బ్యాటరీ కలిస్తే ఒక పెట్టె. అలాంటి పెట్టెలు పది చోట్ల ఉండి, కొలిచిన అంకెల్ని గాలిలో ఒక పెద్ద పెట్టెకు పంపిస్తాయి. ఆ పెద్ద పెట్టెను గేట్‌వే అంటారు. అది సిమ్ కార్డు ద్వారా ఇంటర్నెట్‌కు అందిస్తుంది. 2002లో అమెరికాలో మెయిన్ రాష్ట్రం తీరాన ఉన్న గ్రేట్ డక్ దీవిలో శాస్త్రవేత్తలు 32 పెట్టెలతో సముద్ర పక్షుల బొరియలను ఇలాగే గమనించారు. అప్పుడే తేమ దిగి కొన్ని పాడయ్యాయి. చెరువు గట్టు మీద పనిచేయాలనుకునే వాళ్లు ఆ మాట గుర్తుంచుకోవాలి.

రేడియో భాగం ఇప్పుడు పెద్ద సమస్య కాదు. లోరా అనే పద్ధతి ఉంది. అది పంపే సమాచారం చాలా తక్కువ, కానీ అడ్డంకుల్లేని చదును నేల మీద కొన్ని కిలోమీటర్లు పోతుంది. మన డెల్టా కంటే చదునైన నేల ఎక్కడ దొరుకుతుంది! ఒక డాబా మీద ఎత్తుగా గొట్టం పాతి గేట్‌వే బిగిస్తే ఒక ఊరి చెరువులు దాని కిందికి వస్తాయి. మన దేశంలో 865–867 మెగాహెర్ట్జ్ తరంగాలకు, నిర్ణయించిన శక్తికి లోబడి వాడితే, లైసెన్సు అక్కర్లేదు. అయితే రేడియో ముక్కకు ఆమోదపత్రం ఉండాలి. అది ఉన్న ముక్కల్నే కొనాలి, నాలుగు వందలు మిగులుతాయని ఊరూ పేరూ లేనివి కొనకూడదు. ఇలాంటి సేవను వ్యాపారంగా నడిపేవాళ్లు టెలికం శాఖ దగ్గర నమోదు చేసుకోవాలని 2022 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు వచ్చాయి. కుర్రాళ్ల అర్జీలో ఈ ముక్క లేదు. చేర్చమన్నాను.

ఇక అసలు సంగతి నీళ్లలో ఉంది. పగలు నీటిలోని నాచు ఎండకు ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి ఆ తయారీ ఆగిపోతుంది, కానీ నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత అన్నీ ఆక్సిజన్ తీసుకుంటూనే ఉంటాయి. అందుకే తెల్లవారుజామున అది అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. వనామీకి లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే కిందికి పోనివ్వకూడదని రైతులందరికీ తెలుసు. వేసవిలో నీరు వేడెక్కితే అసలు పట్టే ఆక్సిజనే తగ్గిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి ఏరేటర్లు ఆగి, కాపలా మనిషి నిద్రలో ఉంటే, తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలతాయి. లక్షల పంట ఒక్క రాత్రిలో పోతుంది. కాబట్టి అవసరం ఉందా అన్న ప్రశ్నే లేదు.

ప్రశ్న ఆక్సిజన్ కొలిచే ప్రోబు దగ్గర వస్తుంది. రేడియో ముక్క వందల్లో దొరుకుతుంది, మంచి ఆప్టికల్ ప్రోబు మాత్రం వేలల్లో ఉంటుంది. పైగా రొయ్యల చెరువులో మేత, మట్టి, నాచు కలిసిన నీరు ప్రోబు మీద జిగురులా పొర కడుతుంది. అప్పుడది చెరువు సంగతి కాక పొర సంగతి చెబుతుంది. వారానికి ఒకసారైనా తీసి తుడవాలి, అప్పుడప్పుడు సరిచూసుకోవాలి. రెండు రాత్రులు తప్పుడు అలారం మోగితే మూడో రాత్రి రైతు ఫోను ఆపేసి పడుకుంటాడు. ఆ తర్వాత నిజంగా మోగినా లేవడు. కాబట్టి ఇది పెట్టెలు అమ్మే వ్యాపారం కాదు, మోటార్ సైకిల్ మీద తిరిగి ప్రోబులు తుడిచే వ్యాపారం. అర్జీలో ఈ తిరిగే మనిషికి ఒక్క రూపాయి కూడా రాయలేదు.

లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను అనుకున్నవే, పద్ధతి చూడండి. ఒక మనిషి రోజుకు 10 చెరువులు చూస్తే వారానికి 60. అదీ అన్నీ దగ్గర దగ్గరగా ఉంటేనే. ప్రోబు రైతే కొనుక్కున్నాడనుకుందాం. చెరువుకు నెలకు 700 అంటే 42,000. కానీ పంటకూ పంటకూ మధ్య చెరువు ఎండబెడతారు, వైట్ స్పాట్ వస్తే నడుమనే పట్టేస్తారు. ఏడాదికి 8 నెలలే డబ్బు వస్తుందనుకుంటే సగటున నెలకు 28,000. ఖర్చు: మనిషికి 15,000, పెట్రోలు 4,000, సిమ్ములు, సర్వరు 2,000, పాడయ్యే సామాను కోసం పక్కన పెట్టేది 7,500. మొత్తం 28,500. అంటే నిండా 60 చెరువులున్నా చేతి నుంచి 500 పోతుంది. అదే నెలకు 1,000 చొప్పున తీసుకుంటే సగటు రాబడి 40,000, మిగిలేది 11,500. అదే 60 చెరువులు మూడు మండలాల్లో చెదిరి ఉంటే ఇద్దరు మనుషులు కావాలి, అది కూడా మిగలదు.

పోయే పంట విలువ ముందు 1,000 రైతుకు భారం కాదు. కానీ పనిచేస్తుందని తన కళ్లతో చూస్తేనే ఇస్తాడు. వైరస్‌ను ఈ సెన్సరు పట్టలేదని కూడా మొదటి రోజే చెప్పాలి. లేకపోతే ఆ నష్టం కూడా కుర్రాళ్ల నెత్తిన పడుతుంది.

నేనైతే ఆక్సిజన్‌తో మొదలుపెట్టవద్దన్నాను. ఏరేటరు తీగలో కరెంటు ఉందో లేదో చూసే పెట్టె చాలా చవక. నీటిలో మునగదు, తుడవక్కర్లేదు. ఏరేటరు ఆగిన నిమిషంలో రైతుకూ, కాపలా మనిషికీ ఇద్దరికీ ఫోను చేస్తుంది. యాప్ కాదు, మోగే ఫోను. రాత్రి 3 గంటలకు యాప్ తెరిచి చూసేవాళ్లు ఎవరూ లేరు. దీనితో నమ్మకం కుదిరాక అదే గేట్‌వే కిందికి ఆక్సిజన్ ప్రోబులు చేర్చవచ్చు. తుడిచే పని కాపలా మనిషికి నేర్పి, నెలకు కొంత ముట్టజెబితే, పైన వేసిన లెక్క కూడా కాస్త తేలికవుతుంది. కుర్రాళ్లలో పెద్దవాడికి ఈ మాట నచ్చలేదు. "కరెంటు పోయిందని చెప్పడానికి డిప్లొమా ఎందుకు సార్?" అన్నాడు. రెండోవాడు మాత్రం కాగితం తీసి రాసుకున్నాడు.

కమిటీకి నేను ఇచ్చిన సలహా ఇది. 3 లక్షలు ఒకేసారి వద్దు. ఒకే ఊరిలో, ఇద్దరు ముగ్గురు రైతులకు చెందిన 10 చెరువుల్లో ఒక పంట కాలం నడిపించాలి. ఒక గేట్‌వే, పది కరెంటు పెట్టెలు, మూడు ప్రోబులు, తిరిగే మనిషికి నాలుగు నెలల జీతం. ఈ ఖర్చును అప్పుగా కాక సహాయంగా ఇవ్వమని దాతలను కోరుతున్నాను. నేర్చుకునే దశలో పోయే డబ్బు ఇరవై ఏళ్ల పిల్లల మీద బాకీగా మిగలకూడదు. రెండో పంటకు ఆ రైతులు సొంత డబ్బు పెట్టి కొనసాగమంటే, అప్పుడు విస్తరణకు వడ్డీ లేని అప్పు ఇద్దాం. అక్కర్లేదంటే అక్కడే ఆపి, గేట్‌వే, ప్రోబులు సొసైటీకి తిరిగి అప్పగించాలి.

ఒప్పుకున్న రైతులు ఫిబ్రవరిలో సీడు వదులుతారు. గొట్టం పాతి, పెట్టెలు కనీసం పదిహేను రోజులు ఖాళీ చెరువు గట్టు మీద పరీక్షించుకోవాలంటే, జనవరి మొదటి వారానికి డబ్బు వాళ్ల చేతిలో ఉండాలి.