గర్భిణీ స్త్రీలు - మధుమేహము : పంచాయతీ సభ్యుల కర్తవ్యము

“వట్టి మనిషివి కావు, బాగుగా తినవలెను” అని గర్భిణీ స్త్రీకి మన గ్రామములలో పెద్దలు చెప్పుచుందురు. మంచి మాటయే. కాని బిడ్డ మిక్కిలి బొద్దుగా పుట్టుట ఎల్లప్పుడును ఆరోగ్య చిహ్నము కాదు. ఒక్కొక్కప్పుడు అది తల్లి రక్తములో చక్కెర హెచ్చినదనుటకు గుర్తు.

మనము భుజించు అన్నము, రొట్టె మొదలగునవి జీర్ణమై, చక్కెరగా మారి రక్తములో చేరును. క్లోమము స్రవించు ఇన్సులిన్ ఆ చక్కెరను దేహమునకు వినియోగపడునట్లు చేయును. గర్భము పెరిగిన కొలది మావినుండి వెలువడు హార్మోనులు తల్లి దేహములో ఇన్సులిన్ పనిని మందగింపజేయును. శిశువునకు ఆహారము కొరవడకుండ ప్రకృతి చేసిన ఏర్పాటిది. అందుకు తగినంతగా తల్లి క్లోమము ఇన్సులిన్‌ను హెచ్చించలేనిచో రక్తములో చక్కెర పెరుగును. దీనినే గర్భకాల మధుమేహమందురు.

ఆ చక్కెర మావిని దాటి శిశువును చేరును. తల్లి ఇన్సులిన్ మాత్రము దాటజాలదు. అందుచే శిశువు క్లోమమే అధికముగా ఇన్సులిన్‌ను స్రవించును. మిగులు చక్కెర క్రొవ్వుగా మారి, శిశువు మితిమీరి పెరిగి, కాన్పు కష్టమగును. బొడ్డుత్రాడు కోసినంతనే తల్లినుండి చక్కెర రాక నిలిచిపోవును. శిశువు దేహములో ఇన్సులిన్ మాత్రము కొంతసేపు ఎక్కువగనే యుండును. అప్పుడు శిశువు రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. ఇట్టి కాన్పు ఆసుపత్రిలోనే జరుగవలెననుటకు, గంటలోపల తల్లిపాలు పట్టవలెననుటకు కారణమిదియే.

ఈ వ్యాధికి తరచుగా పైకి కనిపించు లక్షణములుండవు. పరీక్షయే మార్గము. 75 గ్రాముల గ్లూకోజును నీటిలో కలిపి త్రాగించి, 2 గంటల పిమ్మట రక్తమును పరీక్షింతురు. 100 మిల్లీలీటర్లకు చక్కెర 140 మిల్లీగ్రాములు గాని, అంతకు మించి గాని యున్నచో వ్యాధి కలదని నిర్ణయింతురు. మొదటిసారి ఆరోగ్య కేంద్రమునకు వచ్చినప్పుడొకసారి, 24-28 వారముల మధ్య మరియొకసారి ఈ పరీక్ష జరుగవలెను.

వ్యాధి బయటపడినను భయపడనవసరము లేదు. పస్తులుండరాదు. వైద్యుల సలహాపై మితాహారము, నడక పాటించిన పెక్కుమందికి చక్కెర అదుపులో నుండును. చాలనిచో మందులు గాని, ఇన్సులిన్ గాని ఇత్తురు. కాన్పైన 6 వారములకు తల్లి మరల పరీక్ష చేయించుకొనవలెను. ఏలయన ముందు ముందు ఆమెకు మధుమేహము వచ్చు అవకాశము హెచ్చు.

ఇందు పంచాయతీ చేయగలిగినదేమి? ఆ 2 గంటల నిరీక్షణయే కూలికి పోవు స్త్రీకి పెద్ద అడ్డంకి. కూర్చుండుటకు నీడ, త్రాగునీరు, తిరిగి వచ్చుటకు వాహనము ఏర్పరచినచో ఆమె పరీక్ష ముగియువరకు నిలుచును. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ క్రింద ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగును. ఆ దినమున వాహనమును సిద్ధపరుపుడు. రెండవ పరీక్ష ఎందరికి మిగిలియున్నదో ఆశా కార్యకర్తను ప్రతినెల విచారింపుడు. రోడ్డు, బావి వలెనే తల్లి క్షేమమును పంచాయతీ బాధ్యతయే.