అమెరికా కళాశాలలలో క్రీడా విద్యార్థి వేతనములు — తలిదండ్రులు తెలిసికొనవలసిన విషయములు

చదువుకొను పిల్లలు ఆటలలో పడిన చెడిపోవుదురని మన యిండ్లలో పెద్దలు చెప్పుట పరిపాటి. ఈ మధ్య దానికి పోటీగా మరియొక మాట బయలుదేరినది. ఆటలో నాలుగు పతకములు గెలిచినచో అమెరికా కళాశాలలు తామే పిలిచి, ఖర్చులన్నియు భరించి, చదువు చెప్పించునట! మొదటి మాటను నమ్మి పిల్లల చేతిలోని బంతిని లాగివేయు తలిదండ్రులు కొందరు. రెండవ మాటను నమ్మి వారి చేతిలోని పుస్తకమును ప్రక్కన పెట్టించువారు కొందరు. ఇరువురి వలనను పిల్లలకు నష్టమే. అమెరికాలో క్రీడా విద్యార్థి వేతనములు కలవు. అవి మన దేశపు పిల్లలకును లభించుచున్నవి. అయితే వానిని చేరు మార్గము ఆటస్థలమున మొదలై పరీక్షామందిరము గుండా పోవును. ఆ మార్గమును క్రమముగా వివరించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

1. ఈ వేతనముల నిచ్చువారెవరు?

అమెరికాలో కళాశాల జట్టుకు గల గౌరవము మనకు వింతగా తోచును. ప్రతి ఆటకును జీతముపై శిక్షకుడుండును. ఏ ఆటగానిని చేర్చుకొనవలెనో, వేతనముగా ఎంత ఇయ్యవలెనో కళాశాల నియమములకు లోబడి నిర్ణయించునది చాలవరకు ఆ శిక్షకుడే. ఈ పోటీలను నడపు సంస్థలలో పెద్దది ఎన్.సి.ఎ.ఎ. అనబడు జాతీయ సంఘము. ఇది 1906లో ఏర్పడినది. సుమారు 1,100 కళాశాలలు ఇందులో సభ్యత్వము కలిగియున్నవి. 1973 నుండి ఇవి మూడు డివిజన్లుగా విభజింపబడినవి.

మొదటి, రెండవ డివిజన్ల కళాశాలలు ఆటను బట్టి వేతనము లియ్యవచ్చును. మూడవ డివిజన్‌లో ఆటకు వేతనము లేదు. అక్కడ మార్కులను బట్టియు, కుటుంబపు ఆర్థిక స్థితిని బట్టియు మాత్రమే సహాయము లభించును. హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్ మొదలైన ఎనిమిది విశ్వవిద్యాలయముల కూటమియైన ఐవీ లీగ్ మొదటి డివిజన్‌లో ఆడుచున్నను, క్రీడా వేతనముల నియ్యదు. ఇవిగాక ఎన్.ఎ.ఐ.ఎ. అను మరియొక సంఘము, రెండేండ్ల కళాశాలల కొరకు ఎన్.జె.సి.ఎ.ఎ. అను వేరొక సంఘము కలవు. వీనిలోను వేతనములు లభించును. పెద్ద పేరుగల విశ్వవిద్యాలయములలో చోటు దొరకని పిల్లలు ఈ చిన్న కళాశాలలలో చేరి, బాగుగా చదివి ఆడి, తరువాత పెద్దవానికి మారుటయు కలదు.

ఆడపిల్లల తలిదండ్రులు ఒక విషయమును ముఖ్యముగా గమనింపవలెను. ప్రభుత్వ ధనము పొందు విద్యాసంస్థలలో స్త్రీ పురుష భేదము కూడదని 1972లో అమెరికాలో ఒక శాసనము వచ్చినది. దానికి ‘టైటిల్ నైన్’ అని పేరు. దాని ఫలితముగా కళాశాలలు బాలికల జట్లను విరివిగా ఏర్పరచినవి. ఆటలాడు బాలికకు అక్కడ గల అవకాశము బాలునికి గల అవకాశమునకు తీసిపోదు.

2. మనవారు నడచిన త్రోవ

సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా విశ్వవిద్యాలయమున చదువుచు 2007, 2008 సంవత్సరములలో వరుసగా అమెరికా కళాశాలల టెన్నిస్ సింగిల్స్ విజేత యయ్యెను. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయమున చదివి ఆడెను. తరువాత 2014 ఆసియా క్రీడలలో సానియా మీర్జాతో కలసి మిక్సెడ్ డబుల్స్ స్వర్ణ పతకము గెలిచెను. హైదరాబాదుకు చెందిన సహజ యమలపల్లి టెక్సాసులోని సామ్ హ్యూస్టన్ స్టేట్ విశ్వవిద్యాలయపు జట్టులో ఆడినది. ఎత్తు దుముకు ఆటగాడు తేజస్విన్ శంకర్ కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయము తరఫున 2018లోను, 2022లోను కళాశాలల విజేతయై, 2022 బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడలలో కాంస్యము పొందెను. కళాశాల చదువు వీరి ఆటకు అడ్డు రాలేదు.

3. ఏ ఆటకు వేతనము?

ఇచ్చటనే అనేక కుటుంబములు పొరపడుచున్నవి. మన పిల్లలు ఎక్కువగా ఆడునది క్రికెట్, బాడ్మింటన్, కబడ్డీ. ఈ మూడును ఎన్.సి.ఎ.ఎ. పోటీలలో లేవు. బాడ్మింటన్ శిక్షణకు ఏండ్ల తరబడి ధనము వెచ్చించి, దానితో అమెరికా వేతనము వచ్చునని ఆశించుట వలన ప్రయోజనము లేదు. మన హాకీ అక్కడ బాలికలకు మాత్రమే కలదు. కనుక ఒడిశాలోను కర్ణాటకలోను హాకీ ఆడు బాలికకు ద్వారము తెరచియున్నది, ఆమె తమ్మునికి లేదు. టెన్నిస్, పరుగు దుముకు విసరుడు పోటీలు, ఈత, గోల్ఫ్, బాస్కెట్‌బాల్, వాలీబాల్, ఫుట్‌బాల్ (అక్కడివారు దీనిని సాకర్ అందురు), కత్తిసాము వంటి ఆటలకు వేతనములు కలవు. వీనిలో వాలీబాల్ బాలికల జట్లు బాలుర జట్ల కంటె చాల ఎక్కువ.

4. వేతనమనగా ఎంత?

పూర్తి వేతనములో బోధన రుసుము, ఇతర రుసుములు, వసతి, భోజనము, పుస్తకములు చేరును. కాని పెక్కు ఆటలలో లభించునది అందులో ఒక భాగము మాత్రమే. 2025 వరకు మొదటి డివిజన్‌లో పురుషుల టెన్నిస్ జట్టు మొత్తమునకు నాలుగున్నర వేతనములు మాత్రమే అనుమతింపబడెడివి. జట్టులోని ఆటగాండ్రు వానిని పంచుకొనెడివారు. 2025 జూన్‌లో న్యాయస్థానము ఆమోదించిన ఒక ఒడంబడికచే ఈ పద్ధతి మారినది. దానిని అంగీకరించిన కళాశాలలలో వేతనముల సంఖ్యకు మేర లేదు. దానికి బదులు జట్టులో ఎందరుండవలెనో మేర ఏర్పడినది. టెన్నిస్‌కు ఆ మేర పది మంది. దీనివలన ఒక్కొక్కరికి ఎక్కువ ఇచ్చుటకు వీలు కలిగినది గాని, ఇచ్చి తీరవలెనను నిర్బంధము లేదు. కళాశాల పెట్టెలో ఎంత ధనమున్నదో అంతయే.

కావున శిక్షకుడు వేతనమిత్తునని వ్రాసినప్పుడు ఆనందపడి ఊరకుండరాదు. సంవత్సరమునకు మొత్తము ఖర్చెంత, అందులో వారు భరించునదెంత, మనము కట్టవలసినదెంత అని అంకెలతో వ్రాయించుకొనవలెను. ఒప్పందము ఎన్ని సంవత్సరములకో చూడవలెను. ఒప్పందకాలము నడుమ ఆట తగ్గినదనియో, గాయపడినాడనియో వేతనము తీసివేయరాదని నియమము కలదు. కాని ఏటేట మార్చు ఒప్పందమైనచో, మరుసటి యేడు దానిని కొనసాగింతురను హామీ ఉండకపోవచ్చును. తనంతట తాను ఆట మానివేసిన విద్యార్థికి వేతనము నిలిచిపోవచ్చును. విమాన చార్జీ, వీసా రుసుము, ఆరోగ్య భీమా మన మీదనే పడునని ముందుగా లెక్క వేసికొనుట మంచిది. వసతి భోజనముల నిమిత్తమిచ్చు వేతన భాగముపై అమెరికా ప్రభుత్వము పన్ను విధించును. ఈ సంగతి చాలమందికి అక్కడికి పోయిన తరువాతనే తెలియుచున్నది.

5. అర్హత మార్కులలోనున్నది

ఎన్.సి.ఎ.ఎ. వారి అర్హతా కేంద్రము ప్రతి విద్యార్థి మార్కులను పరిశీలించును. తొమ్మిదవ తరగతి మొదలుకొని నాలుగు సంవత్సరములలో ఇంగ్లీషు, గణితము, విజ్ఞానశాస్త్రము, సాంఘికశాస్త్రము మొదలైన వానిలో 16 ముఖ్య పాఠ్యాంశములు పూర్తిచేసియుండవలెను. నాలుగు పాయింట్ల కొలతలో మొదటి డివిజన్‌కు 2.3, రెండవ డివిజన్‌కు 2.2 సగటు కనీసముగా ఉండవలెను. మన మార్కులను వారు తమ పట్టిక ప్రకారము ఈ కొలతకు మార్తురు. శాట్ వంటి పరీక్షలను 2023 నుండి ఎన్.సి.ఎ.ఎ. కోరుట లేదు. కాని కొన్ని కళాశాలలు తమ ప్రవేశమునకు వానిని కోరవచ్చును. ఇంగ్లీషు భాషా పరీక్షను చాల కళాశాలలు అడుగును.

దీని భావమేమనగా, ఆటలో రాణించు పిల్లవానిని తొమ్మిదవ తరగతిలో ‘ఉత్తీర్ణుడైన చాలు’నని వదలిపెట్టినచో, మూడేండ్ల తరువాత ఏ శిక్షకుడును వానికి సహాయపడలేడు. ఆటకై ఒక యేడు బడి మానిపించుటయు ఇట్టిదే. పన్నెండవ తరగతి ముగించి కళాశాలలో చేరక పోటీలాడుచు కాలము గడిపినచో, అక్కడ ఆడదగిన సంవత్సరములు తగ్గవచ్చును. టెన్నిస్‌లో ఈ విషయమున మరింత జాగ్రత్త అవసరము.

కళాశాలలో చేరిన పిదపను ఇదే ధర్మము. విద్యార్థి పూర్తికాలము చదువవలెను. మొదటి డివిజన్‌లో రెండవ యేడు ముగియునప్పటికి పట్టమునకు కావలసిన చదువులో నూటికి 40 వంతులు, మూడవ యేటికి 60, నాలుగవ యేటికి 80 వంతులు పూర్తికావలెను. లేనిచో జట్టులో చోటు పోవును.

6. ఎప్పుడు, ఎట్లు ప్రయత్నింపవలెను?

తొమ్మిదవ తరగతిలో: చదువును ఆటను రెంటిని లెక్కవ్రాసి ఉంచుడు. ఆడిన పోటీ, తేదీ, ఫలితము, ధ్రువపత్రము ఒక పుస్తకమున భద్రపరచుడు. పొందిన బహుమాన ధనము, పెట్టిన ఖర్చు రసీదులతో వ్రాసి ఉంచుడు. ధనము పుచ్చుకొనుట అర్హతకు భంగము కలిగింపవచ్చును గనుక, వృత్తి జట్టుతో గాని ఏజెంటుతో గాని సంతకము చేయుటకు ముందు అర్హతా కేంద్రమును విచారింపవలెను.

పదవ, పదకొండవ తరగతులలో: అర్హతా కేంద్రమున ఉచితముగా ఖాతా తెరచుటకు వీలు కలదు. విద్యార్థి తానే శిక్షకులకు ఈ-మెయిలు వ్రాయవలెను. చాల ఆటలలో మొదటి డివిజన్ శిక్షకులు పదవ తరగతి ముగిసిన వేసవిలో జూన్ 15వ తేదీకి ముందు ప్రత్యుత్తర మియ్యరాదు. కావున జవాబు రాలేదని నిరాశ పడనక్కరలేదు. ఉత్తరము క్లుప్తముగా ఉండవలెను. పేరు, పుట్టిన తేదీ, పన్నెండవ తరగతి ముగియు సంవత్సరము, మార్కులు, ఆటలోని స్థాయి, వీడియో ఇవి చాలును. పరుగు ఈతలకు కొలిచిన కాలము, టెన్నిస్‌కు యు.టి.ఆర్. అను అంతర్జాతీయ కొలత ముఖ్యము. బిరుదుల వర్ణన కంటె ఒక్క అంకె వారికి ఎక్కువ చెప్పును.

పన్నెండవ తరగతిలో: రుసుము చెల్లించి అర్హతా పరిశీలనకు నమోదు చేసికొని, కళాశాలలకు దరఖాస్తు పెట్టవలెను. ప్రవేశము దొరికిన పిదప కళాశాల ఐ-20 అను పత్రమును పంపును. దానితో ఎఫ్-1 వీసాకు పోవలెను. వేతనము పోగా మిగులు ఖర్చును భరింపగలమని బ్యాంకు పత్రములు చూపవలసియుండును. ఈ వీసాపై విద్యార్థి కళాశాల ఆవరణలోనే, చదువు సాగు దినములలో వారమునకు 20 గంటలకు మించకుండ పనిచేయవచ్చును. ఆటగాండ్రు తమ పేరుపై ప్రకటనల ద్వారా ధనార్జన చేయుటకు 2021 నుండి అనుమతి కలదు. కాని ఆ పని మన పిల్లలను వీసా చిక్కులలో పడవేయగలదు గనుక, కళాశాలలోని విదేశ విద్యార్థుల కార్యాలయమును అడుగక అందులో దిగరాదు.

7. మన కుటుంబములకు ప్రత్యేకముగా

మాతృభాషలో గాని, రాష్ట్రభాషలో గాని చదివిన పిల్లల పత్రములను మూలముతోను, ధ్రువీకరింపబడిన ఇంగ్లీషు అనువాదముతోను పంపవలెను. పేరు విషయము మరింత ముఖ్యము. తమిళనాడులోను కర్ణాటకలోను బడి పుస్తకములలో పేరుకు ముందు ఒక అక్షరమే యుండును. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండును. ఒకచోట తండ్రి పేరు, మరియొకచోట ఇంటిపేరు చేరును. ఈ తేడాలను పదవ తరగతి పరీక్షకు పేరు నమోదగునప్పుడే సరిచేసికొనుట తేలిక. తరువాత సరిచేయుటకు నెలలు పట్టును.

‘వేతనము మేము తెప్పింతుము’ అని హామీ ఇచ్చి పెద్ద మొత్తములడుగు మధ్యవర్తుల విషయమున జాగరూకత వహింపవలెను. వేతనము నిచ్చువాడు శిక్షకుడు, ప్రవేశము నిచ్చునది కళాశాల. మూడవవాడు హామీ ఇయ్యజాలడు. వచ్చిన వేతనములో ఇంత వంతు మాకియ్యవలెనను ఒప్పందము ఎన్.సి.ఎ.ఎ. నియమములకు విరుద్ధము, విద్యార్థి అర్హతకే ముప్పు. నియమములు తరచు మారుచున్నవి గనుక, ప్రతి సంవత్సరము అర్హతా కేంద్రము వెలువరించు సూచనలను స్వయముగా చదువుట ఉత్తమము.

తుదిమాట

ఆటగాని కాలు ఒక్క దినమున విరుగవచ్చును. పట్టము విరుగదు. కళాశాలలో ఆడిన వేలాది విద్యార్థులలో ఆటయే వృత్తిగా జీవించువారు మిక్కిలి కొద్దిమంది. తక్కినవారికి మిగులునది చదువే. అట్లని ఆటను తీసివేసినచో, ఆ చదువునకు దూరదేశమున ద్వారము తెరచిన తాళపుచెవిని పారవేసినట్లగును. మన బడిలో సాయంకాలము మైదానమున పరుగెత్తు పిల్లవానిని చూచినప్పుడు, రాత్రి వాడు గణితము చేసినాడా యని కూడ అడుగుడు. ఆ రెండు ప్రశ్నలను ఒకే నోట, ఒకే ప్రేమతో అడుగు తలిదండ్రులున్న పిల్లవానికి వేతనము దొరకినను మేలే, దొరకకున్నను నష్టము లేదు.