ఫ్లూ జ్వరం: పిల్లలకు ఎలా చెప్పాలి?

భిలాయి క్యాంప్ 2లో లాగా ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్నచోట ఫ్లూ త్వరగా వ్యాపిస్తుంది. దగ్గినపుడు, తుమ్మినపుడు పడే తుంపరల్లో దీని వైరస్ ఉంటుంది. మామూలు జలుబే కదా అనుకోకండి. 1918లో ఈ జ్వరమే బొంబాయి నుండి దేశమంతా పాకి కోటిమందికి పైగా ప్రాణాలు తీసింది.

చేసి చూడండి: మీ బిడ్డ అరచేతికి సుద్దపొడి రాసి కాసేపు ఆడుకోనివ్వండి. పొడి తలుపు గడియకు, పుస్తకానికి, తమ్ముడి చెంపకు అంటుతుంది. "వైరస్ కూడా ఇలాగే అంటుతుంది, కాని కనబడదు" అని చెప్పి, సబ్బుతో చేతులు కడిగించండి. తుమ్ము వస్తే మోచేతిని అడ్డం పెట్టుకోవడం నేర్పండి.

హాజరు పోతుందని జ్వరంతో బడికి పంపకండి. మందు వేయకుండానే జ్వరం తగ్గి, ఒక రోజు గడిచాక పంపండి. అంతకు ముందే పంపితే పక్క పిల్లలకు అంటుకోవచ్చు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకండి. ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ప్రశ్న: జ్వరం తగ్గిన రోజే పిల్లలను బడికి ఎందుకు పంపకూడదు?