ఫోనులో దొంగ ఏ దేశంలో ఉన్నాడు?

ఆర్మూరు పసుపు తొమ్మిది నెలల పంట. తవ్వాలి. ఉడకబెట్టాలి. ఎండబెట్టాలి. అమ్మితే పైసలు బ్యాంకులో పడతాయి.

అప్పుడే ఒక ఫోను వస్తుంది. "అమ్మా, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నా. మీ ఖాతా ఆగిపోతుంది. ఫోనులో ఓటీపీ వచ్చింది కదా, చెప్పండి."

చెబితే ఖాతా ఖాళీ. ఏ బ్యాంకూ ఓటీపీ అడగదు.

ఈ దొంగ ఎక్కడుంటాడు? మన దేశంలోనే ఉండవచ్చు. మయన్మార్‌లోనో, కంబోడియాలోనో ఉండవచ్చు. అక్కడ మనుషులను బంధించి ఈ మోసం చేయిస్తున్నారు. ఆ మనుషుల్లో మన పిల్లలూ ఉన్నారు. గల్ఫ్‌కు పోయినట్టే, ఏజెంటు మాట నమ్మి నౌకరీకి పోయారు. పాస్‌పోర్టు గుంజుకున్నారు. చెప్పిన పని చేయకపోతే కొట్టారు. 2025 మార్చిలో మన ప్రభుత్వం 500 మందికి పైగా భారతీయులను థాయిలాండ్ మీదుగా విమానాల్లో తీసుకొచ్చింది. వాళ్లలో తెలంగాణ వాళ్లూ ఉన్నారు.

మన పోలీసులు వేరే దేశం పోయి దొంగను పట్టలేరు. ఆ దేశం ఒప్పుకోవాలి. సాక్ష్యం ఇవ్వాలి. దీనికోసమే 2024 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి ఒక ఒప్పందాన్ని ఆమోదించింది. 2025 అక్టోబరులో వియత్నాంలోని హనోయ్ నగరంలో 60కి పైగా దేశాలు సంతకాలు చేశాయి. ఒక్క సంతకం చాలదు. 40 దేశాలు దాన్ని ఖాయం చేయాలి. అప్పుడే అమలు.

పైసలు అంతవరకు ఆగుతాయా? గంటలోనే ఖాతాలు మారతాయి. అందుకే మోసం తెలియగానే 1930కి ఫోను చేయాలి. ఇంట్లో తిడతారని దాచవద్దు. పైసలు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉంటే అక్కడే ఆపిస్తారు. పేరు, బ్యాంకు, ఎంత పోయింది, ఎప్పుడు పోయింది అని అడుగుతారు.