మేఘంలోని మంచు కణాలను కొలవడం

ఉద్దేశాలు
ఈ పాఠం చదివిన తరవాత మీరు:
– నీడను బట్టి మంచు కణం పరిమాణాన్ని లెక్కకట్టగలుగుతారు.
– ఆ కొలతలో తప్పు ఎలా దొర్లుతుందో వివరించగలుగుతారు.

పరిచయం
వడగళ్ల వాన మీరు చూసే ఉంటారు. వడగల్లును చేతిలోకి తీసుకుని స్కేలుతో కొలవవచ్చు. కాని మేఘంలో తేలే మంచు కణాలు చాలావరకు ఒక మిల్లీమీటరుకన్నా చిన్నవి. పట్టుకోబోతే విరుగుతాయి, లేదా కరుగుతాయి. వాటిని తాకకుండా కొలవడం ఎలా? నీడను కొలవాలి.

నీడతో కొలత
ఈ పద్ధతిని అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ నోలెన్‌బర్గ్ 1970లో ప్రకటించారు. విమానం రెక్క కింద బిగించిన పరికరానికి ముందుకు చాచిన రెండు చేతులుంటాయి. వాటి మధ్యగా లేజర్ కాంతి ప్రసరించి, కటకాల గుండా ఒక వరుసలో అమర్చిన ఫోటోడయోడ్ల మీద పడుతుంది. మంచు కణం అడ్డు వస్తే కొన్ని డయోడ్ల మీద నీడ పడుతుంది. వాటిని లెక్కిస్తే కణం వెడల్పు తెలుస్తుంది.

విమానం సాగుతున్నకొద్దీ నీడ వరుస వెంట వరుసగా నమోదవుతుంది. మగ్గం మీద పోగు వెంట పోగు చేరి బట్ట తయారైనట్లే, వరుసలన్నీ చేరి కణం బొమ్మ తయారవుతుంది. విమానం సెకనుకు 100 మీటర్లు పోతుంటే, 25 మైక్రోమీటర్లకు ఒక వరుస చొప్పున సెకనుకు 40 లక్షల వరుసలు తీయాలి!

ఉదాహరణ: ఒక్కొక్క డయోడు 25 మైక్రోమీటర్ల వెడల్పును చూస్తుంది. నీడ 12 డయోడ్ల మీద పడింది. కణం వెడల్పు ఎంత?
12 × 25 = 300 మైక్రోమీటర్లు = 0.3 మి.మీ.
(1 మి.మీ. = 1000 మైక్రోమీటర్లు)

తప్పు ఎక్కడ దొర్లుతుంది?
పెద్ద కణం పరికరం చేతి కొనకు తగిలి పగిలిందనుకోండి. ఆ ముక్కలు కాంతిలోకి వస్తే ఒకే కణం అనేక చిన్న కణాలుగా లెక్కకు వస్తుంది. పూర్వపు కొలతలు చాలావాటిలో ఈ తప్పు చేరింది. అందుకే తరవాత కొనల ఆకారాన్ని మార్చారు. పగిలిన ముక్కలు గుంపుగా, వెంటవెంటనే వస్తాయి కాబట్టి, కణాల మధ్య కాలవ్యవధి చూసి వాటిని ఏరివేస్తారు.

ఈ జాగ్రత్త మనకెందుకు? మేఘమథనంలో సిల్వర్ అయోడైడ్ చల్లాక మంచు కణాలు పెరిగాయో లేదో చూడాలి. ముక్కలను కూడా లెక్కిస్తే, ఫలితం లేకున్నా ఉన్నట్లు కనబడుతుంది. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ 2009లో మేఘాల పరిశోధన చేపట్టినప్పుడు, ఇటువంటి పరికరాలున్న విమానం హైదరాబాదు నుంచి కూడా ఎగిరింది.

మీ ప్రగతిని తెలుసుకోండి
1. పై ఉదాహరణలోని పరికరంలో నీడ 18 డయోడ్ల మీద పడితే కణం వెడల్పు ఎన్ని మి.మీ.?
2. పగిలిన ముక్కలను ఎలా గుర్తిస్తారు?

జవాబులు
1. 0.45 మి.మీ.
2. అవి గుంపుగా, అతి తక్కువ కాలవ్యవధిలో వస్తాయి.